కూర్చోవచ్చని తెలియక

"ఈ శనివారం నుంచి పిల్ల ఒక్కతే క్లాసుకి వెళ్తుందిలే. నీకూ ఆ తిప్పలు తప్పుతాయి" అన్నారు మా ఆయన, ఇస్త్రీ చేసిన చొక్కా నా చేతిలోంచి అందుకుంటూ. ఎంత దయగా అన్నారో! పక్కగదిలోంచి అత్తయ్య వంత పాడారు: "మంచిమాట. ఇల్లాలు వారం వారం ఊరిమీద పడితే ఇల్లు ఇల్లులా ఉంటుందా?"

నేను ఊరిమీద పడడం ఇదీ. శనివారాలు మా అమ్మాయిని నగరం నడిమధ్య లెక్కల క్లాసుకి తీసుకెళ్తాను. ఒక్కతే వెళ్తే, దిగాల్సిన చోట దిగకపోతే? ఫోను చూసుకుంటూ రోడ్డు దాటితే? కీడెంచి మేలెంచమన్నారు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం. దాన్ని లోపలికి పంపి, అది బయటికొచ్చేదాకా మెట్ల కింద నిలబడేదాన్ని. ఒకరోజు వాన జోరుగా పట్టుకుంటే ఎదుటి గాజు తలుపుల భవనంలోకి దూరాను. కొత్తరకం బొమ్మల ప్రదర్శనశాల. ప్రవేశం ఉచితం అని రాసి ఉంది. ఊరికే రానిచ్చి, పోయేటప్పుడు పట్టుకుంటారేమోనని బల్ల దగ్గరి అమ్మాయిని రెండుసార్లు అడిగాను.

తర్వాతి వారం వాన లేదు. అయినా వెళ్ళాను.

లోపల చాలావాటికి తలా తోకా లేదు. ఒకచోట తాళ్ళ చిక్కు, ఒకచోట ఖాళీ చట్రం. చివరి గదిలో మాత్రం గోడంత బూడిదరంగు బొమ్మ. అందులో ఏమీ లేదు. ఇంట్లో ప్రతి వస్తువూ నన్నేదో అడుగుతుంది. గిన్నె కడగమంటుంది, దుప్పటి మడవమంటుంది, అత్తయ్య మందుసీసా వేళయిందంటుంది. ఇది ఏమీ అడగదు. నాతో మాట్లాడేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆ మాటకొస్తే ఇంట్లోనూ లేరు. కాకపోతే అక్కడ లేరన్న సంగతి దాచిపెట్టరు. ఆ బొమ్మ తాడు తెగి మీద పడుతుందేమోనని కాస్త ఎడంగానే నిలబడి, ఫోను గుప్పిట్లో పట్టుకుని, కళ్ళారా చూసేదాన్ని. గది మధ్యలో పొడవాటి నల్లటి బల్ల ఒకటుంది. గోడమీద 'ముట్టుకోరాదు' అని రాశారు కదా, దాని చుట్టూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేదాన్ని. కాళ్ళు పీకేవి. నెలల తరబడి అంతే.

కిందటి శనివారం, అక్కడ కాపలా ఉండే ఆవిడ దగ్గరికొచ్చింది.

"ఎప్పుడూ వస్తారు, ఒక్కసారైనా కూర్చోరేంటమ్మా?"

"అయ్యో, ముట్టుకోకూడదుగా!"

"దేన్ని?"

"ఈ బొమ్మనండీ" అని బల్ల చూపించాను.

ఆవిడ పకపకా నవ్వింది. "అది బొమ్మ కాదు తల్లీ, బల్ల! మనుషులు కూర్చోడానికే వేశారు. డ్యూటీలో కూర్చోకూడదని నేను చస్తుంటే, మీకేం పోయేకాలం?"

ముందు అంచున కూర్చున్నాను, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా. ఎవరూ పిలవలేదు. కొంచెం వెనక్కి జరిగాను. పైకప్పు కూలలేదు. ఇంట్లో కూడా నేనిలాగే, కూర్చోవచ్చని ఎవరూ చెప్పక నిలబడే ఉన్నానా అనిపించింది.

వారం తిరక్కుండానే మా ఆయనగారి ఈ దయ.

"ఒప్పుకోమ్మా, ప్లీజ్! క్లాసులో నన్ను బాడీగార్డున్న పిల్ల అంటున్నారు" అని మా అమ్మాయి బతిమాలింది. నేను ఏడ్చి మొండికేస్తే నా శనివారం నాకు దక్కుతుంది. దాని రెక్కలు పోతాయి. నా భయంలో ఆ బల్లకీ వాటా ఉందని అప్పుడు తెలిసింది. "వెళ్ళిరా" అన్నాను.

ఈ శనివారం అది సంచి తగిలించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది. జరగగల ఘోరాలన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఆ బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే ఆగాను, దాని వెంటపడ్డట్టు ఉండకూడదని. తర్వాత నా గురించి భయం మొదలైంది. పక్కన పిల్ల లేకుండా ఒక్కదాన్నే బస్సులో ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు. తప్పిపోతే ఏం చెప్పుకోను? అయినా చెప్పులు వేసుకున్నాను.

"పిల్ల వెళ్ళిపోయిందిగా! ఇంక నువ్వెక్కడికి?" అన్నారు మా ఆయన.

"కూర్చోడానికండీ" అని తలుపు దగ్గరగా వేశాను.