నీడన ఆరేసిన దుప్పటి

మూడో గది దుప్పటిమీద పసుపు మరక పడింది. రాత్రి కోడికూర తిన్నవాళ్లెవరో చెయ్యి తుడిచినట్టున్నారు. ధర్మి దాన్ని బండమీద పరిచి సబ్బు రుద్దేసరికి మరక ఎర్రగా మారింది. పనిలో చేరిన కొత్తలో ఆ ఎరుపు చూసి నెత్తురనుకుని హడలిపోయింది గానీ ఇప్పుడు దాని గుణం తెలుసు. జాడిస్తే మళ్లీ పసుపుకొస్తుంది. ఎంత బాదినా అంతే. తీసుకెళ్లి ఎండలో వేస్తే మాత్రం సాయంత్రానికి జాడ ఉండదు. పసుపును తినేది ఎండ ఒక్కటే.

ఆమె చేతులకున్న పసుపు వంటింటిది కాదు. నిన్న రాత్రి తండాలో కూతురు ప్రియాంక పెళ్లయింది. ఆ పసుపు కాస్తా నాలుగో దుప్పటికల్లా సబ్బునీళ్లలో కలిసిపోయింది.

కూతురిని అత్తగారింటికి పంపే రోజున ఏ తల్లయినా లాడ్జి దుప్పట్లు ఉతుకుతుందా అంటే, ఉతుకుతుంది. పెళ్లికి వేసిన షామియానా లాడ్జిది. వంటగిన్నెలు లాడ్జివి. పిల్లను జుక్కల్ అవతలి తండాలో దిగబెట్టే జీపు కూడా లాడ్జిదే. మేనేజరు సాంబమూర్తి ఒక్కదానికీ కిరాయి అడగలేదు. గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. "ఆదివారం కదా ధర్మమ్మా, రెండు బస్సులొస్తున్నాయి. పొద్దున ఒక్క పూట వచ్చి వెళ్లు చాలు" అన్నాడు. ఎవరి బండి ఎక్కితే వాళ్ల పాట పాడాలి. అప్పగింతలు పొద్దుగూకే వేళకు కదా అని ధర్మి తెల్లవారకముందే వచ్చి బండ దగ్గర నిలబడింది.

చేతులు ఇక్కడున్నాయి గానీ మనసు ఆ పొద్దుగూకే వేళ దగ్గరుంది. లంబాడీ పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు ఒక్కొక్కరినీ కావిలించుకుని ఢావ్లో పాడుతుంది. ఏడుపే పాట, పాటే ఏడుపు. తండ్రికి, అన్నలకు, వదినలకు, అందరికన్నా చివర తల్లికి. పిల్ల తన పాట ముగించాక తల్లి జవాబు పాడాలి. పిల్ల ముగించకపోతే తల్లికి పాడే వీలు లేదు. పాతికేళ్ల కింద ధర్మి అత్తింటికి సాగనంపే ఎద్దు పక్కన నిలబడి పాడినప్పుడు ఆమె తల్లి ఇచ్చిన జవాబు ఇంకా చెవిలో ఉంది. నిన్నెత్తుకున్న చంకన ఇక నీళ్లబిందె పెట్టుకున్నా నీ బరువే తెలుస్తుంది బిడ్డా, అని పాడింది. ఆ ముసలిది మరుసటి ఎండాకాలమే పోయింది. ఆ మాట మళ్లీ ఒకసారి తన నోటితో తన కూతురికి పాడాలని ధర్మికి ఎంత ఆశో! ఒక్కతే ఆడపిల్ల. ఇంకోసారి ఆ వేళ రాదు.

లాడ్జి రాకముందు దసరా దాటిందంటే తండా మొత్తం బండ్లు కట్టుకుని మహారాష్ట్రకు చెరుకు నరకబోయేది. ప్రియాంక అక్కడే, చెరుకాకు గుడిసెలో పుట్టింది. ధర్మి అరచేతుల్లో ఆనాటి కత్తి గాట్లు ఇంకా తెల్లగా కనబడతాయి. నిజాంసాగర్ చూడటానికి జనం పెరిగి, బాన్సువాడ నుంచి రోడ్డు వెడల్పయి, పడవలూ లాడ్జీలూ వచ్చాక వలస ఆగింది. తండాకు కరెంటొచ్చింది. ప్రియాంక బాన్సువాడ హాస్టల్లో ఉండి పది దాకా చదివింది. అందులో అబద్ధం లేదు. భర్త భోజ్యా అమ్మిన చెలకలోనే ఈ లాడ్జి లేచిందన్నదీ అబద్ధం కాదు. ధర్మి జొన్న కోసిన చోట పట్నం పిల్లలు పచ్చికమీద బంతాట ఆడతారు. కోళ్లూ చేపలూ పట్నం ధర పలుకుతాయి. ఆడవాళ్లు స్నానాలు చేసిన రేవులో ఇప్పుడు పడవ టిక్కెట్లు అమ్ముతారు. చెలక ఉన్నప్పటి సాయంత్రాలు తలపుకొచ్చినప్పుడు ధర్మి చేతిలో ఉన్న గుడ్డను ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ బాదుతుంది.

నాలుగేళ్ల కింద లాడ్జి ముందు సిమెంటు అరుగు కట్టి ఆదివారాలు లంబాడీ ఆట పెట్టించారు. ప్రియాంక అందులో చేరింది. ఓరోజు సాంబమూర్తి, "పెళ్లికూతురు ఏడ్చే పాట ఒకటుందట కదా ధర్మమ్మా, అదీ పెడదాం" అన్నాడు. ఏ తల్లీ కూతురికి ఆ పాట నేర్పదు. పిల్ల ఇరుగుపొరుగు పెళ్లిళ్లలో విని విని, తన రోజున మాత్రమే నోరు తెరుస్తుంది. ధర్మి నేర్పింది. తండా నాయక్ జేత్యా కోప్పడలేదు.

"ఎసరు రాకముందే మూత తీస్తున్నవు చెల్లె" అన్నాడు.

"చెరుకు నరకబోయే కన్నా నయమే గదన్నా" అంది ధర్మి. అప్పుడు నయమనే అనిపించింది.

మధ్యాహ్నానికి రెండో బస్సు దిగింది. మళ్లీ ఒక మోపు దుప్పట్లు వచ్చిపడ్డాయి. ఇవి పిండేసి పోదామనుకుంటూ ధర్మి ఉతికి పిండిన ఒకదాన్ని భుజాన వేసుకుని లేచేసరికి వెనక గేటు దగ్గర జీపు హారను మోగింది. డ్రైవరు దేవిదాస్ దిగి పరుగున వచ్చాడు.

"ధర్మక్కా, జల్ది రా. సాయంత్రం జీపు కామారెడ్డి టేషన్‌కు పోవాలంట, గెస్టులున్నరు. అందుకనే పిల్లను గిప్పుడే తోలుకొచ్చినం. తండల అందరి కాడ ఏడ్సింది. ఇగ నువ్వే మిగిలినవు."

ముందు సీట్లో అల్లుడు భాస్కర్ తలపాగా సర్దుకుంటున్నాడు. వెనక నుంచి ప్రియాంక దిగింది. ముఖం నిండా పసుపు, చేతులు మోచేతుల దాకా పసుపు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. "యాడీ" అంటూ వచ్చి తల్లిని వాటేసుకుంది. ధర్మి తడిచేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. కూతురి నోట ఢావ్లో మొదలైంది. గొంతు వణికింది, తెగింది, మళ్లీ అందుకుంది. ఇదే, ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇదే. ధర్మి కళ్లు మూసుకుని తన జవాబును గొంతులోకి తెచ్చుకుంది.

కళ్లు తెరిచేసరికి పచ్చికమీది జనం దుప్పట్ల తీగల మధ్యనుంచి తొంగిచూస్తున్నారు. సాంబమూర్తి చేతులు అడ్డంపెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ప్రోగ్రాం కాదండీ, దయచేసి వెళ్లండి. ఆ అమ్మాయి నిజంగానే పెళ్లికూతురు."

నిజమైనదట అన్న మాట వెనకదాకా పాకింది. వెనకున్నవాళ్లు కూడా ముందుకొచ్చారు. కెమెరాలు లేచాయి. "కొంచెం ఇటు తిరగమ్మా" అన్నారెవరో, మర్యాదగానే.

ప్రియాంక తిరిగింది. నాలుగేళ్ల అలవాటు. తల్లి భుజం మీదనుంచి ముఖం ఎత్తి, వెలుతురు పడేలా తిప్పి, గొంతు పెంచింది. వణుకు పోయింది. తప్పులేకుండా, అరుగుమీద పాడినట్టే, అందంగా పాడింది. ధర్మి ఒంటికి ఆ తేడా ముందు తెలిసింది. పిల్ల ఒళ్లు ఏడవడం మానేసింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు ప్రియాంక ఉలిక్కిపడి ఆగింది. మళ్లీ తల్లి మెడలో ముఖం దాచుకుంది. నోరు తెరిచింది గానీ పాట రాలేదు.

"వస్తలేదు యాడీ" అంది తమ భాషలో, మెల్లగా. "ఆదివారం పాటే వస్తుంది. నీది వస్తలేదు."

ధర్మి కూతురి తల నిమిరింది. గొంతుదాకా వచ్చిన జవాబును దిగమింగింది.

"పోనీ తియ్యి బిడ్డా. ఫికరు జేయకు. ఎండ ఎక్కుతున్నది, ఎక్కు."

జీపు గేటు దాటి రోడ్డెక్కింది. జనం కాసేపు నిలబడి, భోజనాల గంట వినబడగానే వెళ్లిపోయారు. సాంబమూర్తి తలవంచుకుని దగ్గరకొచ్చాడు.

"నావల్లే అయింది ధర్మమ్మా. ఇంక ఇంటికెళ్లు."

"ఇంటికి పోయి ఏం జేయాలె సారూ" అంది ధర్మి. మాటలో కోపం లేదు. ఇంట్లో ఇప్పుడు బిడ్డ లేదన్న సంగతి చెప్పింది, అంతే.

ఆయన వెళ్లాక భుజాన ఉన్న దుప్పటి తీసి చూసింది. కావిలించుకున్నప్పుడు తడిబట్టకు అంటుకున్నట్టుంది, రెండు అరచేతుల పసుపు. కుడిచేతిది నిండుగా, వేళ్లతో సహా. ఎడమచేతిది సగమే. ధర్మి సబ్బుకోసం చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. మిగిలిన దుప్పట్లన్నీ పిండి వరసగా ఎండలో ఆరేసింది. ఆ ఒక్కదాన్ని మాత్రం నీళ్ల హౌజు వెనక, గోడ నీడ సాయంత్రం దాకా కదలని చోట, పసుపు చేతులు లోపలివైపుకు వచ్చేలా మడిచి తీగమీద వేసింది.