మేజోళ్ళ దొర

ముఖం చూపించే ధైర్యం లేని మనుషులు రోజూ కాళ్ళు చూపించుకునేవాళ్ళు. ఆ గ్రూపు పద్ధతి అది.

ముఖం పెడితే ఉద్యోగం పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, ఒక్కోసారి పళ్ళు కూడా పోతాయి. పేరు పెట్టినా అంతే. అందుకని అక్కడ ముఖం లేదు, పేరు లేదు, ఫోను నంబరు లేదు, ఊరు లేదు, గొంతు లేదు. మిగిలినవి కాళ్ళు. పొద్దున పనిలోకి వెళ్ళాక, కూర్చున్న చోటు నుంచి ఎవరి కాళ్ళు వాళ్ళు ఫోటో తీసి పెట్టాలి. మిగతావాళ్ళు వాటిని చీల్చి చెండాడాలి. దానికి పాదాల సభ అని పేరు. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు కాళ్ళ ఫోటోల చాటున ఎందుకు బతకాలి అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. మీ వల్ల.

సభ పెట్టినవాడు లిఫ్టు. అంటే లిఫ్టు మెకానిక్. అక్కడ పనిని బట్టే పేరు, సరదాకి ఆడపిలుపు. ఆస్పత్రిలో పనిచేసేవాడు నర్సు. బళ్ళో లెక్కలు చెప్పే పెద్దాయన మాత్రం అత్తయ్య, ఎందుకంటే ఆయన తిట్టినా దీవించినట్టే ఉంటుంది. ఇంకొకడు ఏం పని చేస్తాడో చెప్పలేదు. వ్యాపారం అన్నాడంతే. చేరిన రోజు నుంచీ మేజోళ్ళు తొడిగిన కాళ్ళే పెట్టాడు. అందుకని మేజోళ్ళ దొర అయ్యాడు.

లిఫ్టుకి ఆ గ్రూపులో అందరికంటే ఇష్టమైనవాడు దొర. ఇష్టం కాబట్టే అందరికంటే ఎక్కువ ఏడిపించేవాడు. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు గంటకోసారి, తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగింది దొరే. ఇంట్లోంచి గెంటేసిన తర్వాత తిన్నావా అని లిఫ్టుని అడిగిన మనిషి ఇంకొకడు లేడు.

ఆ పొద్దున లిఫ్టు ఒక ఆఫీసు భవనంలో, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య, లిఫ్టు పెట్టె నెత్తి మీద కూర్చుని ఉన్నాడు. రెండు పక్కలా పట్టాలకి నూనె రాశాడు. ఎర్ర మీట నొక్కి పెట్టె కదలకుండా ఆపాడు. పైనుంచి ఇనుప తాళ్ళు, కింద చీకటి. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుని ఫోను తీశాడు. సభ అప్పటికే మొదలైంది.

నర్సు తెల్ల చెప్పుల ఫోటో పెట్టాడు.

"కొత్తవి. దిష్టి పెట్టకండి."

"చెప్పులు కొత్తవే తల్లీ. మడమలే, గుంతలు పూడ్చని రోడ్డులా ఉన్నాయి" అని రాశాడు అత్తయ్య. ఆయన బూట్ల మీద సుద్దపొడి తెల్లగా పేరుకుని ఉంది.

"అత్తయ్యా, ఆ బూట్లు నీకంటే ముందు రిటైరవుతాయి" అన్నాడు నర్సు.

"అవుతాయి. పింఛను కూడా నాకంటే వాటికే ముందొస్తుంది."

అప్పుడు దొర వచ్చాడు. బూడిదరంగు మేజోళ్ళు. ఎప్పటిలాగే.

లిఫ్టు చేతులు దురద పెట్టాయి. "వచ్చిందమ్మా మహారాణి. ఏమే, స్నానం కూడా మేజోళ్ళతోనేనా?"

"స్నానానికి వేరే జత ఉంది" అన్నాడు దొర.

"అసలు లోపల కాలుందా, దూది కుక్కావా?"

"నా క్లాసులో అయితే ఈపాటికి బెంచీ ఎక్కించేదాన్ని" అన్నాడు అత్తయ్య.

"విప్పు దొరా, నేను చూడని కాలు లేదు. కుళ్ళినవీ చూశాను, విరిగినవీ చూశాను" అన్నాడు నర్సు.

"సభ అధ్యక్షురాలిగా చెప్తున్నా" అని లిఫ్టు రాశాడు. "ఇవాళ విప్పకపోతే బహిష్కరణ. రెండేళ్ళు భరించాం. ఇంక మా వల్ల కాదు."

"నవ్వకూడదు మరి."

"నవ్వడానికే కదే విప్పమంటున్నది."

తర్వాత ఫోటో వచ్చింది.

ఎడమ కాలు. బొటనవేలికి కొస లేదు. పైన కోసేసినట్టు ఉంది. మిగిలిన సగం గోరు చిక్కుడు గింజలా వంకరగా పెరిగింది.

లిఫ్టు నవ్వడానికి నోరు తెరిచాడు. నోరు అలాగే ఉండిపోయింది.

ఫోటో పెద్దది చేశాడు. కాలి వెనక ఒక బల్ల కోడు. దానికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. ఆ ట్యూబు చుట్టింది లిఫ్టు వాళ్ళ నాన్న, తమ గాజు కొట్లో. పెద్ద పెద్ద గాజు పలకలు పరిచి కోసే బల్ల అది. కోళ్ళు జారకుండా నాలుగింటికీ ట్యూబులు చుట్టాడు, పోయేముందు వరకూ ఏటా మార్చేవాడు.

ఫోను జిడ్డు వేళ్ళలోంచి జారి పెట్టె అంచు మీద పడింది. ఇంకో బెత్తెడు అవతల పడితే ఐదంతస్తుల కిందకి పోయేది. దాన్ని తీయడానికి లిఫ్టుకి చెయ్యి రాలేదు.

ఆ వేలు తెగిన రోజు లిఫ్టుకి బాగా తెలుసు. ముట్టుకోవద్దన్న గాజు పలక తను ఎత్తాడు, చిన్నపిల్లవాడు, జారిపోయింది. అన్న తమ్ముడి చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు, పలక అన్న కాలి మీద పడింది. నాన్న బెత్తం పట్టుకుని వచ్చేసరికి అన్న, "నేనే పడేశాను నాన్నా" అన్నాడు. కాలు నెత్తురు కారుతుండగానే దెబ్బలు తిన్నాడు. ఏడవలేదు. తర్వాత తమ్ముడి చెవిలో, "నాలుగు వేళ్ళోడా, నోరు విప్పావంటే చంపుతా" అన్నాడు.

ఆ అన్నే ఆరేళ్ళ కిందట తమ్ముడి ఫోను తెరిచి చూశాడు. చూసి నేలకేసి కొట్టాడు. చెంప మీద కొట్టాడు. "మన ఇంటా వంటా లేదురా ఇది" అన్నాడు. దుప్పటీ దిండూ కూడా వీధిలో పడేశాడు, అవి ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు. వదిన అప్పుడు చంటిపిల్లతో పుట్టింట్లో ఉంది. ఒక సంచీతో బస్సెక్కి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో దిగాడు తమ్ముడు.

ఇంటా వంటా లేదట. ఇంట్లోనే ఉంది. గల్లాపెట్టె వెనక కుర్చీలో కూర్చుని, మేజోళ్ళు తొడుక్కుని, రోజూ పొద్దున ఏమే ఏమే అని పిలిపించుకుంటోంది.

ఫోను మోగుతూనే ఉంది. లిఫ్టు తీశాడు.

"ఇదేంటే, ఎలుక కొరికిందా?" అని నర్సు.

"పెన్సిలు చెక్కే మరలో పెట్టిందేమో" అని అత్తయ్య.

"చిన్నప్పుడు మా తమ్ముడు గాజు పలక పడేశాడు" అని దొర రాశాడు.

"ఆ తమ్ముణ్ణి పిలిచి ఆ ముక్క వెనక్కిమ్మను. నేను కుట్టిపెడతా."

"లేడు. చచ్చిపోయాడు."

లిఫ్టు ఆ రెండు ముక్కలూ చదివాడు. మళ్ళీ చదివాడు. తన చేతి వంక చూసుకున్నాడు. గ్రీజు ఉంది. గోళ్ళలో మట్టి ఉంది. చేయి కదులుతోంది.

"అయ్యో నాయనా. ఎప్పుడు?" అని అత్తయ్య. వేళాకోళం ఒక్క క్షణంలో ఆగిపోయింది.

"ఆరేళ్ళయింది. బండి మీద పోతుంటే లారీ కొట్టింది. దూర ఊళ్ళో. మనిషిని చూసుకోవడానికి కూడా వీలు కాలేదు."

"నా నోరు పడిపోను. తెలియక కూశాను దొరా" అని నర్సు.

"నీకెలా తెలుస్తుంది. మంచివాడు. మొండివాడు. ఫోటో గోడకి పెట్టాం. మంచి అద్దం వేశాను, నేనే. మా పాప వారం వారం తుడుస్తుంది. వాళ్ళమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు ఏడుస్తుంది."

లారీ అట. ఏ లారీ? ఎవడు తోలాడు? తనకి బండే లేదు. తను నడిచి బస్టాండుకి పోయాడు, అన్న వేలిముద్రలు చెంప మీద పెట్టుకుని. అబద్ధం ఒకటి చెప్పి ఊరుకోలేదు, దానికి కొలత తీసి, అద్దం కోసి, ఫ్రేము వేసి, మేకు కొట్టి వేలాడదీశాడు.

అంతకంటే పెద్ద దెబ్బ వదినది. ఈ ఆరేళ్ళూ వదిన మీద లిఫ్టు పళ్ళు నూరుకున్నాడు. ఒక్కసారైనా వెతకలేదు, ఆవిడ కూడా ఛీ అనుకునుంటుంది అని, నంబరు కంఠతా వచ్చి కూడా తను ఫోను చేయలేదు. చచ్చినవాణ్ణి ఎవరు వెతుకుతారు? ఆవిడ ఏడుస్తోంది. ఆవిడ ఆరేళ్ళుగా ఏడుస్తోంది.

కింద నుంచి వాచ్‌మన్ గొంతు పైకొచ్చింది. "ఏమయ్యా, ఇంకెంతసేపు? పైన జీతాలిచ్చేవాళ్ళు మెట్లెక్కి వెళ్తున్నారు, నన్ను తిడుతున్నారు."

"వస్తున్నా" అన్నాడు లిఫ్టు.

"లిఫ్టూ, ఉన్నావా?" అని అత్తయ్య. "రోజూ ముందు దూకేది నువ్వే. పాపం దొరకి ఒక మాట చెప్పు."

సంతాపం చెప్పాలి. తనకి తనే.

స్క్రీను మీద ఉన్నదున్నట్టు ఫోటో తీశాడు లిఫ్టు. తెగిన వేలు, బల్ల కోడు, చచ్చిపోయాడన్న మాట, పక్కనే "ఏమే" అన్న పిలుపులు, అన్నీ ఒకే ముక్కలో వచ్చాయి. వదిన నంబరు కొట్టాడు. ఒక్క మీట నొక్కితే చాలు. గోడ మీద ఫోటో దిగిపోతుంది. అన్న కూడా దిగిపోతాడు. మన ఇంటా వంటా అన్న నోరు జన్మలో లేవదు.

బొటనవేలు ఆ మీట మీదే ఉంది.

ఎవర్నీ బయటికి ఈడ్చకూడదు, అన్నది సభ మొదటి రూలు. రాసింది తనే. మంచివాళ్ళ కోసం రాయలేదు. మంచివాళ్ళకి రూళ్ళు ఎందుకు? ఇలాంటి వెధవల కోసమే రాశాడు. ఈ ఫోటో వెళితే అక్కడ పగిలేది అన్న ఒక్కడేనా? వదిన తల, పాప తల కూడా. తన ఫోను కూడా ఒకరోజు ఎవరో తెరిచారు, అడక్కుండా. అలా తెరిచినవాడికీ తనకీ అప్పుడు తేడా ఏముంటుంది?

నంబరు చెరిపేశాడు. ఫోటో కూడా చెరిపేశాడు. చెరిపేశాక కోపం తగ్గలేదు, రెట్టింపైంది. ఎక్కడైనా పెట్టాలి దాన్ని.

బూటు తాళ్ళు లాగాడు. బూటు విప్పాడు, లోపల మేజోడు విప్పాడు. లిఫ్టు పని చేసేవాడి కాలు సభ ఎప్పుడూ బూటులోనే చూసింది. రెండో వేలూ మూడో వేలూ గోరు దాకా అతుక్కుని ఉన్న కాలది. తాతకి అలాగే ఉండేవి, నాన్నకి అలాగే ఉండేవి. అన్నకి రాలేదు. తాళ్ళ మధ్య ఇనుప రేకు మీద కాలు పెట్టి ఫోటో తీసి, సభలో పెట్టాడు.

"ఇదేం అందమే?" అని నర్సు, మెల్లిగా, సంతాపం మధ్యలో నవ్వొచ్చో లేదో తెలియనట్టు. "వేళ్ళ మధ్య జిగురు పడిందా?"

"పుట్టుకతోనే" అని లిఫ్టు రాశాడు. "మా అన్న నన్ను నాలుగు వేళ్ళోడా అని పిలిచేవాడు."

పంపాడు.

దొర ఏదో రాస్తున్నట్టు చుక్కలు కనబడ్డాయి. పోయాయి. మళ్ళీ కనబడ్డాయి. పోయాయి. వెళ్ళిపోతాడనుకున్నాడు లిఫ్టు. గ్రూపు వదిలేసి, ఖాతా మూసేసి, మేజోళ్ళు తొడుక్కుని, గోడకున్న ఫోటోని మళ్ళీ ఒకసారి చంపి. అలా వెళితే తను ఇంక నిజంగానే చచ్చినట్టు.

ఒక మెసేజు మాయమైంది. పంపినవారు దీన్ని తొలగించారు అని వచ్చింది ఆ చోట.

లిఫ్టు పైకి జరిపి చూశాడు. వేలి ఫోటో ఉంది. గాజు పలక పడేశాడన్న మాట ఉంది. లారీ ఉంది, పాప ఉంది, వాళ్ళమ్మ ఏడవడం ఉంది. అవేవీ తీయలేదు. చచ్చిపోయాడన్నదొక్కటే లేదు.

అతను అక్కడే, ఆ ఇనుప రేకు మీద, ఒంటికాలి బూటుతో కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకుంటే గ్రీజు అంటింది. ఇంత చాలా? ఒక అన్న ఆరేళ్ళ తర్వాత ఒక మెసేజు చెరిపితే తమ్ముడు లేచి కూర్చుంటాడా? చాలదు.

"దొరా" అని రాశాడు. "ఇక్కడ తుడిస్తే సరిపోదు. ఇంట్లో తుడువు."

"ఏం తుడవాలే?" అని నర్సు.

అత్తయ్య లెక్కల మనిషి. పైకి కిందకి చదువుకుంటున్నాడు కాబోలు.

చాలాసేపటికి దొర నుంచి ఒక వాక్యం వచ్చింది.

"మీ వదినకి ఏమని చెప్పను?"

"ఏ వదినకే? ఇక్కడ అందరం వదినలమే కదా" అన్నాడు నర్సు.

"నర్సూ" అని అత్తయ్య రాశాడు. "నోరు మూసుకుని పక్కన కూర్చో తల్లీ. మనం వినకూడని మాటలివి."

లిఫ్టు రాశాడు, తప్పులు వచ్చాయి, దిద్దాడు.

"చచ్చాడని చెప్పడానికి నోరొచ్చిందిగా. బతికున్నాడని చెప్పడానికీ అదే నోరు. నీ సంగతి నువ్వెప్పుడు చెప్పుకుంటావో నీ ఇష్టం, దాంట్లో నేను వేలు పెట్టను. నన్ను మాత్రం ఇవాళే గోడ మీంచి దింపు."

జవాబు వెంటనే వచ్చింది. మాట కాదు, ఫోటో. గాజు కోసే బల్ల మీద బోర్లా పెట్టిన ఫ్రేము. వెనక అట్ట, నాలుగు మేకులు. ఒక మేకు అప్పటికే పీకి ఉంది.

మిగతా మూడు పీకుతాడో లేదో. లిఫ్టుకి తెలియదు. ఫోను జేబులో పెట్టుకుని ఎర్ర మీట వెనక్కి లాగాడు. పెట్టె ఒక్క కుదుపు కుదిపి కిందికి మెల్లిగా దిగింది.

తలుపు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. ముందు కాలు చూశాడు, తర్వాత మొహం చూశాడు.

"అదేంటయ్యా, ఒంటి బూటుతో దిగావు. కాలి మీద ఏమైనా పడిందా?"

"నా కాలి మీద కాదు" అన్నాడు లిఫ్టు. "మా అన్న కాలి మీద."