మొదటి వారం బొమ్మ

"పిండి చేతులతో ముట్టుకోకు" అన్నారాయన, పోస్టులో వచ్చిన వారపత్రిక విప్పుతూ. రుబ్బురోలు ముందు కూర్చునే మెడ చాచి చూశాను. ఆయన కొత్త సీరియల్ ఆ వారమే మొదలైంది. "కథ, బొమ్మలు: వీరాస్వామి" అని అచ్చయి ఉంది. కథ ఆయనదే. బొమ్మలు నావి.

ఆయన ఏలూరు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నన్ను చేసుకునేనాటికే కుడిచెయ్యి వణుకుతుండేది. మొదటి భార్య కాంతం జ్వరంతో పోయిన ఏడాది నుంచీ అంతేనని అత్తగారు చెప్పారు. పుట్టింట్లో గోడల మీద బొమ్మలు వేసేదాన్నని తెలిసి, ఆయనే నా చేతికి కుంచె ఇచ్చారు. "ఆడపేరుతో పంపితే ఎవరు వేసుకుంటారు తులసీ? నీ పేరైతేనేం, నా పేరైతేనేం" అన్నారు. నాలుగేళ్ళుగా వంటా అంట్లూ అయ్యాక మిగిలిన పొద్దంతా ఆ కాగితాల మీదే గడిచింది. దాన్ని పని అని ఎవరూ అనలేదు. "మా కోడలు బొమ్మలతో పొద్దుపుచ్చుతుందండీ" అనేవారు అత్తగారు, వచ్చినవాళ్ళతో.

ఈసారి ఆయన చెప్పిన కథ ఇది. కొల్లేటి ఒడ్డున ఒక ఇల్లు. వానలో తడిసి ముద్దయిన ఒకమ్మాయి ఆ ఇంటి తలుపు తడుతుంది. లోపల మనుషులున్నారు, కాని తలుపు తియ్యరు. మొదటి వారం అక్కడితో ఆగుతుంది. రెండోవారంలో ఆమె మనిషి కాదనీ, నీళ్ళలోంచి వచ్చిన దయ్యమనీ తెలుస్తుంది. "మొహం నీ ఇష్టం" అన్నారు. ఎన్నిసార్లు గీసినా ఆ మొహం కుదరలేదు. చివరికి, మధ్యాహ్నం నిద్రపోతున్న రామలక్ష్మిని చూస్తూ, ఈ పిల్లకి ఇరవై ఏళ్ళొస్తే ఎలా ఉంటుందో ఊహించి గీశాను. రామలక్ష్మి కాంతం కూతురు, తొమ్మిదేళ్ళది. ఆయన పరీక్షల డ్యూటీ మీద తాడేపల్లిగూడెంలో ఉండడంతో, చూపించకుండానే పోస్టు చేశాను.

ఇప్పుడు ఆ పేజీ దగ్గర ఆయన ఆగిపోయారు.  పత్రిక మూసి బల్లమీద బోర్లా పెట్టారు.

సాయంత్రం తెలుగు మాస్టారు కృపానందంగారు వచ్చారు. కాఫీలిచ్చి తలుపు వెనక నిలబడ్డాను.

"ఏవండీ మాస్టారూ, ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకే లేచి గడియ తీద్దామనిపించిందండీ! మొదటివారమే ఇలా పట్టేశారు. ఎవర్ని చూసి గీశారండీ?"

"ఊహేనండీ" అన్నారాయన. కప్పు బల్లమీద పెట్టి, పరీక్షల మాట ఎత్తారు.

నేను గీశానండీ, అని బయటికి వచ్చి చెప్పాలనిపించింది. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. 

ఆయన కృపానందంగారిని సాగనంపడానికి వెళ్ళగానే అత్తగారు రామలక్ష్మిని పిలిచి పత్రిక తెప్పించుకున్నారు. పిల్ల పేజీ తీసిపెట్టి ఆటలకి పరుగెత్తింది. ఆవిడ చూపు అంతంతమాత్రం. వెలుతురులోకి జరిగి చూశారు. పత్రిక ఒళ్ళోంచి జారిపోయింది.

"కాంతం! దీన్ని నువ్వెక్కడ చూశావే?"

నేనెక్కడ చూస్తాను? ఆ ఇంట్లో ఆమె ఫొటో లేదు, చీర లేదు, పేరు చెక్కిన చెంబైనా లేదు.

"పిల్లని చూసి గీశానత్తయ్యా."

ఆవిడకి వినిపించలేదు. "ఇలాగే వచ్చింది. అప్పుడు మేం కొల్లేటి ఒడ్డునే ఉండేవాళ్ళం. కలిదిండిలో తల్లికి బాగోలేదని, చెప్పకుండా వెళ్ళి, ఆ వానలో ఇలాగే తిరిగొచ్చింది. వాడు తియ్యొద్దన్నాడు. బుద్ధి రావాలన్నాడు. నేను గడియ పక్కనే కూర్చున్నానే అమ్మా, వింటూ. తెల్లారి తీశాను. మనిషి లేదు. మధ్యాహ్నానికి పడవవాళ్ళు తెచ్చారు."

వానపడే రాత్రి ఈ ఇంట్లో ఎవరూ ఎందుకు నిద్రపోరో అప్పుడు తెలిసింది నాకు. నాలుగేళ్ళుగా ఆయన వణికే చేతికి నూనె రాసి, పాపం అనుకుంటూ ఒత్తాను. భార్య పోయిన దిగులనుకున్నాను.

ఆయన తిరిగొచ్చి తల్లి మొహం చూశారు, నా మొహం చూశారు. అడగాల్సిన పని లేకపోయింది.

"వచ్చేవారం ఆ మొహం మార్చు."

"మార్చనండీ."

"పేరు నాది తులసీ."

"మొహం అక్కదండీ. ఆవిణ్ణి దయ్యాన్ని చేసి నేను గియ్యలేను."

"పత్రికవాళ్ళకి ఏం రాయమంటావు?"

"మీ ఇష్టమండీ. కుంచె ఇక్కడ పెట్టాను."

ఆయన గదిలోకి వెళ్ళి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. నేను నూనెగిన్నె తియ్యలేదు.

దీపాలవేళ రామలక్ష్మి వచ్చి, నేలమీది పత్రిక తీసి, చాలాసేపు చూసింది.

"పిన్నీ, ఈమె నాలా ఉందేంటి?"

"మీ అమ్మ."

తల్లి మొహం ఎరగని పిల్ల అది. వేలు తడి లేకుండా పరికిణీకి తుడుచుకుని, ఆ కళ్ళ మీద, ముక్కు మీద మెల్లగా రాసింది. వంటింటి గడప మీద అత్తగారు కదలకుండా ఉన్నారు. గదిలో మంచం కిర్రుమంది.

"అమ్మకి జ్వరం ఎన్నాళ్ళొచ్చింది పిన్నీ?"

పిల్లని దగ్గరికి తీసుకున్నాను. గదిలోకి వినపడేంత గట్టిగానే అన్నాను.

"మీ అమ్మకి జ్వరం రాలేదమ్మా."