ఊడని లేసు

కాలేజీలో కోచమ్మకి భయపడని ప్రాణి లేదు. ప్రిన్సిపాల్ కూడా ఆవిడ ఎదురొస్తుంటే, అవతల ఎవరూ లేకపోయినా ఫోను చెవికి ఆనించుకుని పక్కకి తప్పుకునేవాడు. ఆవిడకి మాత్రం భయమంటే ఏమిటో తెలియదని అందరూ అనుకునేవారు. ఆవిడా అలాగే అనుకునేది, ఆ ఫైనల్ దాకా.

అమ్మాయిల వాలీబాల్ జట్టు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ చేతుల్లోనే ఉంది. చేరిన కొత్తలో నెట్ కొనే దిక్కు లేక చేపల వల కట్టి ఆడించింది. ఇప్పుడు జిమ్ గుమ్మం పక్కన అద్దాల బీరువాలో కప్పులకి చోటు చాలక, చిన్నవాటిని పెద్దవాటిలో దూర్చి పెట్టారు. ఆ గెలుపులన్నిటి వెనకా ఏముందని పత్రికలవాళ్ళు అడిగితే కోచమ్మ క్రమశిక్షణ, కఠోర శ్రమ అంటూ అందరూ చెప్పేదే చెప్పి పంపేసేది. అసలు సంగతి జట్టులోవాళ్ళకే తెలుసు. దాని పేరు లేసు.

ఆటలో ఎవరికి దెబ్బ తగిలినా ఏడవకూడదు, కుంటకూడదు, చెయ్యి విదిలించకూడదు. వంగి బూటు లేసు కట్టుకోవాలి. మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నట్టు చుట్టూ చేరి అడ్డంగా నిలబడాలి. ఆ కాస్త సేపట్లో నొప్పి మింగేసి, లేచి నవ్వాలి. "నీకెక్కడ నొప్పో అవతలివాళ్ళకి తెలిసిందా, తరవాతి బంతి సరిగ్గా అక్కడికే వస్తుంది" అని కోచమ్మ ప్రతి పిల్లకీ చేరిన రోజే చెప్పేది. అది నూటికి నూరుపాళ్ళూ నిజం. వేలు బెణికిన పిల్లలతో, పిక్క పట్టేసిన పిల్లలతో ఆవిడ ఎన్ని ఆటలు గెలిచిందో లెక్కలేదు. చెప్పడమే కాదు, ఆవిడ చేసేదీ అదే. కుడి మోకాలు అరిగిపోయి ఏళ్ళయింది. మెట్ల మధ్యలో ఆగి ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు నిలబడేదే తప్ప, నొప్పి అన్న మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు.

జట్టులో సెట్టర్, అంటే స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి అందేలా ఎత్తి ఇచ్చే అమ్మాయి, కోచమ్మ సొంత చెల్లెలి కూతురు. పేరు వేరే ఉన్నా అందరికీ చిట్టే. చెల్లెలికి దర్జీ కొట్టు ఉంది. కూతుర్ని కాలేజీలో చేర్చేటప్పుడు, "దీన్ని నీ చేతిలో పెడుతున్నానక్కా. ఆ తరవాత నీ ఇష్టం" అని వెళ్ళింది. పిల్ల పెద్దమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో పెద్దమ్మ, కోర్టు గీత దాటితే మేడమ్. గీత లోపల ఒక్కసారి నోరు జారి పెద్దమ్మా అన్నందుకు కోచమ్మ దాన్ని మైదానం చుట్టూ చీకటి పడేదాకా పరిగెత్తించింది. ఆ పిల్ల నోరు మళ్ళీ జారలేదు.

ఆ రోజు పొద్దున సెమీఫైనల్. సాయంత్రం ఫైనల్. అది గెలిస్తే వరసగా ఏడో కప్పు. వచ్చే నెల కోచమ్మ రిటైరవుతుంది. కప్పుతో సాగనంపాలని పిల్లలు పంతం పట్టారు.

సెమీఫైనల్లో సర్వీసు వరస తప్పు రాశాడని కోచమ్మ స్కోరర్ మీద ఒంటికాలి మీద లేచింది. ఆ గొడవలో ఉండగా వెనక టంగుమని చప్పుడైంది. తిరిగి చూస్తే చిట్టి వంగి లేసు కట్టుకుంటోంది, చుట్టూ పిల్లలు. ఆట అయ్యాక, "ఏమైందే?" అని అడిగింది.

"ఏం లేదు మేడమ్, మోకాలు గీరుకుంది" అని చిట్టి మోకాలు చూపించింది. నిజంగానే గీరుకుని ఉంది. కోచమ్మ నమ్మింది.

మధ్యాహ్నం చిట్టి తిన్నదంతా కక్కుకుంది. పడలేదంది. డ్రెస్సింగ్ రూములో లైట్లు ఆర్పేయమంది. నిద్ర చాలలేదంది. ఇంకో కోచ్ అయితే ఏమోగాని, ఇంట్లో ఆ పిల్ల తుమ్మినా కషాయం కాచే పెద్దమ్మ అది చూసి ఊరుకోకూడదు. కోచమ్మకి గుండెలో ఎక్కడో కలుక్కుమంది కూడా. కానీ ఫైనల్ ఉంది. ఫైనల్ ముందు ఎవరికైనా కడుపులో తిప్పుతుందిలే అని సరిపెట్టుకుంది.

మొదటి సెట్ గెలిచారు. రెండో సెట్ సగంలో చిట్టి వంగి లేసు కట్టుకుంది. కాసేపటికి మళ్ళీ కట్టుకుంది. మూడోసారి వంగినప్పుడు కోచమ్మ బెంచీ అంచుకి జరిగి పిల్లల కాళ్ళ సందుల్లోంచి చూసింది. లేసు ఊడనేలేదు. పొద్దున వేసిన రెండు ముడులూ అలాగే ఉన్నాయి. చిట్టి వేళ్ళు మాత్రం ముడి దొరకనట్టు బూటు పక్కన నేలని తడుముతున్నాయి.



లేచి నిలబడిన పిల్ల ముఖంలో తను నేర్పిన నవ్వే ఉంది. తరవాతి బంతి చిట్టి చాలా అందంగా ఎత్తింది. కాకపోతే అక్కడ ఎవరూ లేరు. స్మాష్ కొట్టే పొడుగమ్మాయి, నిచ్చెన అని పిలుస్తారు, నెట్‌కి ఆ చివర గాల్లోకి ఎగిరి ఉత్త చేతులతో దిగింది. ఖాళీ చోట పడిన బంతికేసి చూసి చిట్టి ఇంకా నవ్వుతూనే ఉంది.

కోచమ్మ టైమవుట్ అడిగింది. పిల్లలు బెంచీ దగ్గరికి వచ్చారు, చిట్టి అందరికన్నా వెనక. గీత లోపలే ఆగిపోయి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"పెద్దమ్మా, అమ్మ కొట్టు మూసేసిందా? మనం ఇంటికెప్పుడు బయల్దేరతాం?"

నీళ్ళ సీసా ఎత్తిన పిల్ల ఎత్తినట్టే ఉండిపోయింది. జనం అరుస్తున్నారు, ఎవరో డోలు కొడుతున్నారు, కోచమ్మకి మాత్రం ఏమీ వినబడలేదు. భయమంటే ఇదన్నమాట అని అప్పుడు తెలిసింది ఆవిడకి.

"పొద్దున ఏమైంది?" అని అడిగింది.

"ఏం లేదు మేడమ్" అన్నారు అందరూ ఒక్కసారే. తడుముకోలేదు, కళ్ళు దించుకోలేదు. ఎంత చక్కగా నేర్పింది తను!

జట్టులో అందరికన్నా పొట్టిది, నేలకి పడబోయే బంతుల కోసం గిర్రున తిరిగే లిబరో, దాన్ని బొంగరం అంటారు. కోచమ్మ దాని భుజం పట్టుకుంది. "నువ్వు చెప్పు."

"తల... నెట్ స్తంభానికి కొట్టుకుంది మేడమ్" అంది బొంగరం, ఏడుపు మొదలుపెడుతూ. "ఇక్కడ, చెవి పైన. ఒక్క క్షణం కళ్ళు తేలేసింది. మేం అడ్డం నిలబడ్డాం. తరవాత లేచింది కదా, బాగానే ఉందనుకున్నాం."

"నాకెందుకు చెప్పలేదే?"

"నొప్పి కనబడనివ్వద్దని మీరే చెప్పారు కదా మేడమ్."

"అవతలివాళ్ళకి! నాకు కాదు!"

"అలా చెప్పలేదు మేడమ్" అంది బొంగరం.

చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ బ్యాచికీ చెప్పలేదు. అంత మాత్రం తెలియదా అనుకుంది. పిల్లలకి చెప్పిందే తెలుస్తుంది.

కోచమ్మ రెండో సెట్టర్‌ని లోపలికి పంపింది. నిచ్చెన, ఇంకో పిల్ల కలిసి చిట్టిని బెంచీ మీద కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర అంబులెన్సు ఉంది. కోచమ్మ తన విజిల్ తీసి బొంగరం మెడలో వేసింది. ఆట మధ్యలో ఆవిడ బెంచీ వదలడం ఎవరూ ఎరగరు. సొంత తండ్రి పోయాడని కబురొచ్చిన రోజు కూడా చివరి పాయింటు దాకా కూర్చున్న మనిషి.

"మేడమ్, మేం ఏం చెయ్యాలి?"

"ఆడాలనుంటే ఆడండి. లేదంటే మానెయ్యండి. ఒక్కటి మాత్రం వినండి. ఎవరూ లేసు కట్టద్దు" అని వెళ్ళిపోయింది.

అంబులెన్సులో చిట్టి కాస్త తెలివిగానే మాట్లాడింది, ఇదీ లేసేనేమో అని ఇంకా భయం వేసింది కోచమ్మకి. చెల్లెలికి ఫోను చేసింది. అటువైపు కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"ఏంటక్కా, గెలిచారా?"

కోచమ్మ ఆస్పత్రి పేరు చెప్పి, "రావే, తొందరగా రా" అంది. చెల్లెలు ఎందుకని అడగలేదు. ఫోను పెట్టెయ్యకుండానే కొట్టు షట్టరు దించుతున్న చప్పుడు వినబడింది.

ఎమర్జెన్సీ వార్డు సంతలా ఉంది. ఏదో బస్సు బోల్తా పడిందట. స్కానింగ్ గది ముందు స్ట్రెచర్లు వరసగా ఉన్నాయి. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చిట్టి కళ్ళల్లో టార్చి వేసి చూశాడు, చేతులు నొక్కమన్నాడు, ఇది ఏ ఊరని అడిగాడు. చిట్టి అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పింది. దెబ్బ సంగతి, వాంతి సంగతి, కోర్టులో మాట తడబడిన సంగతి కోచమ్మ చెప్పింది.

"స్కాన్ ఎలాగూ తీస్తాం. ముందు వీళ్ళంతా ఉన్నారు, చూస్తున్నారుగా" అన్నాడు డాక్టరు. "అమ్మా, సరిగ్గా చెప్పు. తలనొప్పి ఉందా? పొద్దుటికన్నా ఎక్కువైందా? ఎక్కువైతే నిన్ను ఇప్పుడే ముందు తీసుకెళ్తాను. చెప్పు."

చిట్టి కోచమ్మ వంక చూసింది. నవ్వింది. "ఏం లేదు సార్. తగ్గిపోయింది."

దుప్పటి కింద దాని చెయ్యి మెల్లగా బూటు వైపు పాకుతోంది.

డాక్టరు తల ఊపి పక్క మంచానికి తిరిగాడు. కోచమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. "చెప్పవే, నిజం చెప్పవే" అంది. చిట్టి ఇంకా వెడల్పుగా నవ్వింది. తను గద్దించిన కొద్దీ ఆ నవ్వు బిగుసుకుంటుందని కోచమ్మకి తెలుసు. అలా బిగిసేలా నేర్పింది తనే. ఇప్పుడు దాన్ని విప్పడానికి ఎన్ని నిమిషాలున్నాయో తెలియదు.

కోచమ్మ మంచం పక్కన వంగింది. చిట్టి చేతిని పక్కకి జరిపి, బూటు లేసు ముడి విప్పబోయింది. రెండు ముడులూ గట్టిగా బిగిశాయి. నిలబడితే అందడం లేదు. ఆ కుడి మోకాలి మీదే, ఏళ్ళుగా నేలకి ఆనించని మోకాలి మీదే, కూర్చుంది.

"అమ్మా!" అని అరిచింది. వార్డంతా తిరిగి చూసింది. "అమ్మో, నొప్పే చిట్టీ! నా మోకాలు... ఎన్నేళ్ళ నుంచో నొప్పే. రాత్రిళ్ళు నిద్ర పట్టదు నాకు. అబద్ధం చెప్పానే ఇన్నాళ్ళూ!"

కన్నీళ్ళు, చీమిడి, అన్నీ ఒక్కసారే వచ్చాయి. తుడుచుకోలేదు. చిట్టి ముఖం మీద నవ్వు కొంచెం కొంచెంగా చెదిరింది. చిన్నప్పుడు పడి లేచి, ఏడవాలా వద్దా అని చూసే పిల్లలా చూసింది.

"పెద్దమ్మా, తల పగిలిపోతోంది" అంది. "పొద్దుట్నుంచీ ఎక్కువవుతూనే ఉంది. ఈ పక్క ఏమీ సరిగ్గా కనబడట్లేదు. నాకు భయంగా ఉంది పెద్దమ్మా."

"డాక్టర్!" అని కోచమ్మ వేసిన కేకకి జనం దారి ఇచ్చారు. డాక్టరు పరిగెత్తుకొచ్చి తనే స్ట్రెచరు తోసుకెళ్ళాడు. స్కాన్ నుంచి అటే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం పేరుకుంటోందని ఎవరో చెప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. కోచమ్మ చేతిలో బూట్ల జత మిగిలింది.

చెల్లెలు వచ్చింది. భుజం మీద కొలతల టేపు అలాగే ఉంది. కోచమ్మ జరిగిందంతా చెప్పింది, ఏదీ దాచలేదు. చెల్లెలు తిట్టలేదు, దగ్గరికీ రాలేదు. ఒక కుర్చీ వదిలి అవతల కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీ వైపు చూడాలంటే కోచమ్మకి భయం వేసింది.

ఫోను మోగింది. బొంగరం.

"మేడమ్, గెలిచాం. చిట్టి ఎలా ఉంది?"

"ఆపరేషన్ చేస్తున్నారు." కోచమ్మ తలుపు మీంచి చూపు తిప్పలేదు. "మీలో ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదు మేడమ్, ఎవరికీ ఏం కాలేదు."

"నిజం చెప్పవే."

అటువైపు బొంగరం ముక్కు ఎగబీల్చింది. "నా బొటనవేలు వాచింది మేడమ్. కదల్చలేకపోతున్నా." ఫోను చేతులు మారింది. "నా భుజం మేడమ్, పోయిన నెల నుంచి" అంది నిచ్చెన. ఇంకో గొంతు నడుము అంది. రెండో సెట్టర్ తనకి ఎక్కడా దెబ్బ తగల్లేదనీ, భయంతో కడుపు మెలి పెడుతోందనీ చెప్పి ఏడ్చేసింది. కోచమ్మ ఒక్కొక్కరికీ "ఆఁ, చెప్పు" అంది. కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫోను పెట్టేసరికి చెల్లెలు పక్క కుర్చీలోకి జరిగింది.

తలుపు తెరుచుకునేసరికి కిటికీలో తెల్లవారింది. "సమయానికి తెచ్చారు" అన్నాడు పెద్ద డాక్టరు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే అని మొదలుపెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి ఆపేశాడు.

లోపల చిట్టి తల నిండా కట్టు. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. నర్సు వంగి, "నొప్పిగా ఉందామ్మా?" అని అడిగింది.

చిట్టి చెయ్యి దుప్పటి కింద కాళ్ళ వైపు కదిలింది. ఆ చెయ్యి కొంత దూరం వెళ్ళి ఆగింది. బూట్లు కోచమ్మ చంకలో ఉన్నాయి.

"ఉంది" అంది చిట్టి. "చాలా ఉంది."

కోచమ్మ అక్కడే, నర్సు ముందూ చెల్లెలి ముందూ, ముఖం దాచుకోకుండా ఏడ్చింది.