కడిగిన పొగ

పుంగనూరు దాటాక ఉన్న ఆ చిన్న కరెంటు కేంద్రంలో, పొగను నీళ్ళతో కడిగే యంత్రం బిగించి అప్పటికి నెల తిరగలేదు. నల్లటి పొగ తెల్లబడింది. యజమాని రెడ్డెప్ప నన్ను మదనపల్లె నుంచి పిలిపించింది, నేను గీసిన కొత్త చిమ్నీ అక్కరలేదని చెప్పడానికే.

"సూడు సారూ, మా బెల్లం పెనం మీది ఆవిరి మాదిరి ఎంత తెల్లంగుండాదో! ఇంగ గొట్టం యాల?"

తండ్రి కాలంలో వాళ్ళకు బెల్లం వండే కొట్టాలుండేవి. వేరుశనగ పొట్టు, బొగ్గు కాల్చి కరెంటు అమ్మడం తొంభైల చివర్లో మొదలైంది. తెలుపంటే అతనికి ఇంకా ఆవిరే.

"పోయింది బూడిదొక్కటే రెడ్డెప్పా. బొగ్గులోని ఆమ్లం ఆ పొగలోనే ఉండాది. కడిగినాక పొగ చల్లబడి బరువెక్కుతుంది, పైకి లేవదు. పాత గొట్టాన్ని తినేస్తుంది, మనుషుల మీదికి దిగుతుంది."

"అంతగా కడిగినాక ఇంగేముంటాది లోపల? నీ సదువు నిన్ను బెదిరిస్తాండాది," అని నవ్వాడు.

పొగ దిగే చోటు చూపిస్తానని కేంద్రం గోడ వెనకకు తీసుకెళ్ళాను. అక్కడ నాలుగైదు ఇళ్ళు. వేపాకుల కొసలు మాడి ఉన్నాయి. గోడ పక్కన నులకమంచం మీద చౌడమ్మ, కొంగు తలమీదుగా కప్పుకొని, పొగకు ఎదురుగా నోరు తెరిచి కూర్చుంది. ఒకప్పుడు రెడ్డెప్ప వాళ్ళ బెల్లం కొట్టంలో పాకం కలియబెట్టిన మనిషి.

"ఈడ కూసున్యావేంది చౌడమ్మా?" అన్నాడు రెడ్డెప్ప.

"ఆవిరి పడతాండా నాయనా. చిన్నప్పుడు నీకు జలుబు చేస్తే పెనం కాడ కూసోబెట్టింది ఎవురు? నల్లపొగప్పుడు తలుపేసుకొని సస్తాంటి. ఇన్నాళ్ళకు నా రొమ్ముకు మందు పంపిస్తివి."

"ఎప్పటి నించి కూసుంటాండావు?"

"తెల్లంగయినప్పటి నించీ. పొద్దున్నా, మాపటేళా."

దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, తీసి చూసుకుని మడిచేసింది. ఎరుపు మా ఇద్దరికీ కనిపించింది.

రెడ్డెప్ప ఆమెను తనే ఎత్తి జీపులో పడుకోబెట్టాడు. బయల్దేరే ముందు బాయిలరు ఆపమని గేటు దగ్గర కేకేశాడు. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తులు కాలిపోయాయన్నాడు. ఇక బాగుపడవని కూడా.

"ఎంత తక్కువలో అయితాది సారూ గొట్టం?" వరండాలో అడిగాడు రెడ్డెప్ప. నాకు కోపం రాలేదు. చవకగా అయితేనే అది త్వరగా నిలబడుతుంది.

కొత్త కాంక్రీటు చిమ్నీ ఊసు వదిలేశాను. పాత గొట్టాన్నే పైతొడుగుగా ఉంచి, లోపల ఆమ్లానికి లొంగని ఇటుక కట్టించాను. ఎత్తు పెంచడానికి కుప్పంలో మూతపడ్డ నూనె మిల్లు గొట్టం విప్పించి, పలమనేరు మీదుగా లారీలో తెప్పించాం. బాయిలరు దగ్గర వేడెక్కే గాలిలో కొంత మళ్ళించి కడిగిన పొగలో కలిపాం. పొగ వేడెక్కి ఆరితే పైకి లేస్తుంది.

నా భార్య ఇందిర పోయాక కూడా ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా కాఫీ పోసుకోవడం నేను మానలేదు. ఆ రోజుల్లో రెండో గ్లాసు ఆసుపత్రిలో చౌడమ్మ కూతురు మునిలక్ష్మి తాగేది. ఆమె ఒక్కసారీ వద్దనలేదు. అది నాకు మేలే చేసింది.

మళ్ళీ బాయిలరు వెలిగించే నాటికి, ఇక చేసేదేమీ లేదని చౌడమ్మను ఇంటికి పంపేశారు. గోడ దగ్గరికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. మునిలక్ష్మీ నేనూ మంచం మోశాం. రెడ్డెప్ప గేటు దాటి రాలేదు.

చౌడమ్మ నోరు తెరిచి ఎదురుచూసింది. ఏమీ దిగలేదు.

"ఆవిరి యాడికి పోయినాదప్పా?"

పైకి చూపించాను. పొగ పల్చగా, నిటారుగా పోతోంది. చాలాసేపు చూసింది.

"అంత పైకి పంపిస్తే మాకెట్ల అందుతాది?"

అది మందు కాదని ఆసుపత్రిలో చెప్పి ఉన్నాను. నమ్మలేదు. ఇప్పుడు మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు. ఫ్లాస్కు మూత తీసి ఆమె ముఖం కింద పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని, అందినంత పీల్చింది.

"బెల్లమేసినావా?"

"ఏసినానమ్మా," అన్నాను. అది చక్కెర కూడా వెయ్యని కాఫీ.