సాగదీసిన బావి

సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గు మీద పనికి నేను బయల్దేరుతున్న పొద్దున్న, ఎప్పుడూ రాని తమ్ముడు మా ఇంటి మెట్లెక్కాడు. గడ్డం కూడా గీసుకోలేదు.

"ఏం మరిదిగారూ, దారి తప్పారా?" అంది మా ఆవిడ. వాడు నవ్వలేదు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, "ఈసారికి వెళ్ళకు అన్నయ్యా. కడుపునొప్పని చెప్పు," అన్నాడు.

మేం ఎక్కడ తవ్వాలో చెప్పేది వీడి ఆఫీసే. సముద్రం అడుక్కి చప్పుడు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో నేల పొరల బొమ్మ గీస్తారు. ఏ పొర ఎంత లోతో, దగ్గర్లోని పాత బావి కొలతలతో సరిచూసుకుంటారు.

"రెండూ కలవలేదు," అన్నాడు చేతులు నలుపుకుంటూ. "పాత బావి కొలతల గీతని సాగదీసి, బొమ్మతో కలిపేశాను. కాస్తో కూస్తో అందరూ సాగదీస్తారు. నేను మరీ ఎక్కువ లాగాను. గ్యాసు పొర మీ కాయితాల్లో ఉన్నదానికంటే చాలా పైన ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉందా?"

"తవ్వితేగానీ తెలీదు."

ఆ పొర చెప్పాపెట్టకుండా తగిలితే ఏమవుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. అలా తగలబడ్డ రిగ్గు నుంచి బయటపడినవాళ్ళతో పనిచేశాను.

"మీ పెద్దసారుకి చెప్పావా?"

"సంతకాలైపోయాయి. ఇప్పుడు చెబితే నన్ను బతకనిస్తారా?"

"అయితే నాకొక్కడికి కడుపునొప్పొస్తే చాలన్నమాట. మిగతావాళ్ళకి నీలాంటి తమ్ముళ్ళు లేరు, పాపం."

ఫోను తీసి వాడి చేతిలో పెట్టాను. కాలుతున్న గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని, బల్ల మీద పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది. సంచి భుజానేసుకున్నాను.

"చెప్పాను కదా అన్నయ్యా!"

"చెప్పాల్సింది నాకు కాదురా. నేనక్కడే ఉంటాను. నీకు నోరు పెగిలినప్పుడు చెప్పు."

రిగ్గెక్కగానే మా డ్రిల్లరుకి చెప్పాను. తవ్వకమంతా ఆయన చేతిలోనే. ఒడ్డునున్న ఆఫీసుకి ఫోను చేసి అడిగాడు. కాయితంలో ఉన్నట్టే తవ్వమన్నారు.

"మీవాడు నీమీద బెంగ పెట్టుకున్నాడయ్యా," అని నవ్వాడు.

తవ్వుతూనే ఉన్నాం. ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఒడ్డు నుంచి ఫోనొచ్చింది. డ్రిల్లరు వింటూ వింటూ నావంక చూశాడు. తమ్ముడికి నోరు పెగిలింది.

"ఆపండి! ఉన్నపళంగా ఆపండి!" అని అరిచాడు డ్రిల్లరు.

తవ్వకం ఆపాం. తవ్విన రాతిపొడిని పైకి తెచ్చే బురదని బావిలోకి తోసే పంపులు ఆపాం. పంపులు ఆగితే పైకొచ్చే బురద కూడా ఆగాలి; ఆగకపోతే కింద నుంచి గ్యాసు తోస్తున్నట్టే. అందరం అది పారే కాలవ దగ్గరికి చేరాం. సముద్రం ఏమీ ఎరగనట్టుంది.

"ఆగుద్దిలే," అన్నారెవరో.

ఆగలేదు. ఎవరూ తోయకుండానే, బురద ముందుకంటే జోరుగా వస్తోంది.