ముందు పోయిన కోడలు

"ముందుగాల నువ్వు పోయి ఇల్లు ఊడ్చి అలికి పెట్టు. మేము ఎనుక నుంచి వస్తం" అన్నది అత్త ధనమ్మ.

ప్రేమమ్మ అప్పుడు విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతున్నది. ఆమె చేయి ఆగలేదు. ఆ ఇంట్లో ఏ పనికైనా ముందుండేది ఆమే, తిండికి కూర్చున్నప్పుడు చివర ఉండేదీ ఆమే. అందుకని ఆ మాటలో ఆమెకు కొత్తేమీ వినిపించలేదు. కొత్తగా అనిపించింది ఒక్కటే. అత్త ఆ మాట అంటూ తన మొహం చూడలేదు, చేటలోని గింజల్ని చూస్తూ అన్నది.

నిజాం రాజ్యంలో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. చేవెళ్ళలో వరుసగా పంటలు పోయాయి. ప్రేమమ్మ భర్త గిద్యోనుకు ఆ చలికాలమే పట్నంలో ఒక అచ్చాపీసులో నౌకరి దొరికింది. ఇల్లు కూడా చూశానన్నాడు. మూడర్రల ఇల్లు, పెంకుల కప్పు, చార్మినారుకు నడిచి పోవచ్చు. అంత మంచి ఇల్లు అంత చవక కిరాయికి ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళు అడగకుండా ఉన్నారన్న సంగతి ప్రేమమ్మకు తర్వాత తోచింది.

"పోరిని ఈడ్నే ఉంచి పోత అత్తా. పని తెములుతది" అన్నది ప్రేమమ్మ. కూతురు రూతుకు నాలుగేళ్ళు.

"ఆడపిల్ల తల్లి కాడనే ఉండాలె. నాతోని కాదు" అన్నది ధనమ్మ. మరిది పెళ్ళాం మేరీ నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. "అక్క ఒక్కతే ఎట్ల చేస్తది" అని గొణిగింది గానీ, అత్త తల తిప్పగానే పొయ్యిలోకి పుల్ల తోసింది.

గిద్యోను వచ్చి తల్లీబిడ్డలను వెంట తీసుకుపోయాడు. మోటారు బస్సు మొయినాబాదు దాటింది, గండిపేట నీళ్ళు మెరిశాయి. లంగర్‌హౌజు ఇంకా రాకముందే తోవ పక్కన తాటాకు గుడిసెలు, చింకి డేరాలు వరసగా కనిపించాయి. పొయ్యిల పొగ, ఆరేసిన బట్టలు, ఊరికే కూర్చున్న జనం.

"జాతరనా?" అని అడిగింది ప్రేమమ్మ.

"ఏదో పని నడుస్తున్నది" అన్నాడు గిద్యోను, రెండో పక్కకు చూస్తూ.

దిగగానే చార్మినారు చూపించాడు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే మూగి, మెడలు వెనక్కి వాల్చి మీనార్ల కేసి చూస్తున్నారు. గాజుల దుకాణాల ముందు తోపులాట. రూతును భుజాన వేసుకుని ఆమె సరిగ్గా తల ఎత్తకముందే, "చూసినవ్ గద. ఇగ పట్నం అయిపోయినట్టే. నువ్వు గడప దాటే పని లేదు, నీళ్ళకు తప్ప" అన్నాడు.

ఇంటికి నీలం తలుపు. గోడలకు కొత్త సున్నం. లోపల ముక్కు మండించే మందు వాసన. గిద్యోను మూటను గడప మీద పెట్టి, తాళంచెవి ఆమె చేతికిచ్చి, బయటి అరుగు మీదే కూర్చున్నాడు. రాత్రిపూట ఆపీసులోనే పడుకోవాలట, కాపలా అట. రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి అరుగు మీదే తిని పోయేవాడు. లోపలికి రమ్మంటే కాళ్ళకు బురద అనేవాడు. వానే లేని రోజుల్లో ఆ బురద ఎక్కడిదో ఆమె అడగలేదు. మగవాళ్ళ జవాబులకు ఎదురు ప్రశ్న వేయకూడదని పెళ్ళినాడే నేర్పించారు కదా.

దగ్గరి నల్లా ఎండిపోయి ఉంది. బిందె చంకన పెట్టుకుని, రూతు చేయి పట్టుకుని ఇంకో గల్లీకి పోయింది. అక్కడి నుంచి ఇంకోదానికి. మొదటి రోజు భయంతో నడిచింది. రెండో రోజుకు భయం ఎటో పోయింది. ఒక గల్లీ అంతా అద్దకంవాళ్ళది, మోరీలో నీళ్ళు ఒక పూట ఎర్రగా, ఒక పూట పసుపుగా పారుతాయి. ఇంకో చోట రొట్టెల భట్టీ వాసన మలుపు కన్నా ముందే ఎదురొస్తుంది. గోనె పరదా వెనక నుంచి గాజుల చేయి ఒకటి బయటికొచ్చి రూతుకు బెల్లం ముక్క పెట్టింది. ఆ చేతి మనిషి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. చేవెళ్ళలో ఆమె నడిస్తే ప్రతి అరుగూ అడిగేది, ఎవరి కోడలివి, ఎటు పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్ అని. ఇక్కడ ఎవరూ అడగలేదు. ఎటు పోతున్నానో తనకే తెలియకుండా నడవడంలో ఇంత సుఖం ఉందని, పాతికేళ్ళు నిండిన ఆ మనిషికి ఆ వారంలోనే తెలిసింది. నీళ్ళకని బయలుదేరి, నల్లా దగ్గర బిందె నిండినా, పొడుగుదారినే ఇంటికి తిరిగొచ్చేది.

అట్లా పొడుగుదారిలో ఒకరోజు ఒక గల్లీలో అడుగు పెట్టింది. పట్టపగలు. ఒక్క మనిషి అలికిడి లేదు. ఇళ్ళన్నిటికీ తాళాలు. పైకి చూస్తే కప్పుల మీద పెంకుల్లేవు, ఎవరో దింపి గోడ పక్కన పేర్చారు. వాసాల మధ్య నుంచి ఎండ నేరుగా గదుల్లో పడుతున్నది. తలుపుల మీద తారుతో గుర్తులు. ఆమెకు పాస్టరుగారు చెప్పిన కథ గుర్తొచ్చింది. గుమ్మానికి గుర్తున్న ఇంటిని మరణం దాటి పోయిందని. ఈ గుమ్మాలను చూస్తే మరణం దాటి పోయినట్టు లేదు, ఆగి పోయినట్టుంది.

"అమ్మా, ఎలుక" అన్నది రూతు.

గల్లీ నడిమధ్య ఎలుక ఒకటి తాగినదానిలా తూలుతున్నది. మనుషులను చూసి పారిపోలేదు. గుండ్రంగా తిరిగి పక్కకు పడిపోయింది. ప్రేమమ్మ పిల్లను చటుక్కున ఎత్తుకుంది. తన ఇంట్లో పిండి మూట నేల మీదే ఉన్నా ఒక్క ఎలుక కూడా ముట్టడం లేదని ఇన్నాళ్ళూ సంతోషించింది. పిల్లను దించకుండానే నల్లా దారి పట్టింది.

నల్లా దగ్గర పిడకల గంపతో జంగమ్మ అనే ముసలామె కూర్చునేది. ఆమె ముందు బిందె దించి, చూసింది చెప్పింది.

"గడ్డల రోగం బిడ్డా. ప్లేగు" అన్నది జంగమ్మ. "ఆ గల్లీ ఖాళీ జేయించి, రోగం పోను లోపట ఎండ తగలాలని పెంకులు దింపిచ్చిన్రు. మేమంత లంగర్‌హౌజు అవతల గుడిసెలేసుకున్నం. పగటిపూట పిడకలమ్మనీకె ఈడికొస్త. నువ్వు ఏ ఇంట్ల దిగినవ్?"

"నీలం తలుపు ఇల్లు."

జంగమ్మ రూతును కిందికీ మీదికీ చూసింది. "ఆ ఇంట్ల నలుగురు పోయిన్రు. పెంకులు మళ్ళ కప్పి సున్నమేసిండు ఇంటాయన. నీ పెనిమిటికి తెల్వదా? నేనే చెప్పిన గద. గీడ్నే నిలవడి ఇన్నడు."

"ఏమన్నడు?"

"ముందుగాల నా పెండ్లాం వచ్చి ఉంటది, సూద్దం అన్నడు."

ప్రేమమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. ఏడవలేదు. జంగమ్మ అబద్ధం చెప్పి ఉండొచ్చు, తప్పుగా విని ఉండొచ్చు అని తనకు తాను చెప్పుకుంటూ నడిచింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అతడి తరఫున తనకు తానే జవాబులు చెప్పుకుంటూ వచ్చింది. మాట విసిరితే అలిసిపోయి ఉన్నాడనీ, చేయి ఎత్తితే వాళ్ళమ్మ ఏదో అన్నదనీ. ఈ ఒక్కదానికి మాత్రం జవాబు అతడి నుంచే రావాలనుకుంది.

సాయంత్రం అన్నం వండి, పళ్ళెం తీసుకుపోయి లోపలి గదిలో నడిమధ్య పెట్టింది. తాను రూతునూ మూటనూ తీసుకుని అరుగు మీద కూర్చుంది.

గిద్యోను వచ్చాడు. "అన్నం ఏది?"

"లోపట పెట్టిన. పోయి తిను."

అతడు గడప దాకా పోయాడు. చెప్పులు విడిచాడు. లోపల పళ్ళెంలో నుంచి ఆవిరి లేస్తున్నది. అతడి కుడికాలు లేచి, గడప మీద ఆగి, వెనక్కి వచ్చింది.

"ఈడికే తే" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ప్రేమమ్మ లేచింది. పిల్లను చంకనేసుకుంది, మూట నెత్తినెత్తుకుంది.

"ఎటు పోతున్నవ్?"

"నడుసుడు నేర్సిన" అన్నది. అద్దకంవాళ్ళ గల్లీ మీదుగా, భట్టీ పక్క నుంచి, వంతెన దాటి ఆమె పోతుంటే కొంతదూరం అతడి పిలుపు వినిపించింది. బాగా పొద్దుపోయాక, బస్సులో నుంచి చూసిన ఆ గుడిసెల వరసలో అడుగుతూ పోయి జంగమ్మ గుడిసె చేరింది.

గుడిసెల దగ్గరికి వచ్చే డాక్టరు ఇద్దరికీ సూది వేశాడు. వేరుగా ఒక పాకలో ఉంచాడు. రోజూ పొద్దున్నే ఆమె రూతు చంకలూ గజ్జలూ తడిమి చూసేది. ఒకసారి పిల్లకు ఒళ్ళు కాలింది. ఆ పూటంతా ప్రేమమ్మ ప్రార్థన చేయలేదు. జ్వరం సూదిదే, తగ్గిపోయింది. ఇక ఫికర్ లేదు, పోవచ్చన్నాడు డాక్టరు. పోవడానికి ఆమెకు చోటేదీ తోచలేదు. జంగమ్మతో కలిసి పిడకలు చేసింది.

ఒకనాడు మొయినాబాదు నుంచి పట్నానికి కూరగాయల బండి తోలే తమ ఊరి సాయిలు ఆమెను గుర్తుపట్టి బండి ఆపాడు.

"నువ్వు గుడిసెలల్ల ఉన్నవా? మీ ఇంటోళ్ళు నీ సంగతి ఎత్తుతనే లేరు. మీ తోటికోడలు రేపు పట్నం వస్తున్నది, సంటిపోరగానితోని. మిగిలినోళ్ళు ఎనుక నుంచి వస్తరట. ఇల్లు మంచిగున్నదని మీ ఆయన కబురు పంపిండట."

ఆ రాత్రి ప్రేమమ్మకు నిద్ర రాలేదు. తాను బతికింది దేవుడి దయ అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ బతుకు వాళ్ళకు ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారక ముందే చేవెళ్ళ తోవ మీద నిలబడింది. మోటారు కనిపించగానే తోవకు అడ్డం వచ్చి చేయెత్తింది. డ్రైవరు తిట్టుకుంటూ ఆపాడు. మేరీ కిటికీలో నుంచి చూసి తెల్లబోయింది. ఆమె ఒళ్ళో బిడ్డ, కాళ్ళ దగ్గర మూట, మూటలో గుచ్చిన కొత్త చీపురు.

"మేరీ, దిగు."

"ఏందక్కా, ఇక్కడెందుకున్నవ్? నాకు ఇల్లు ఊడ్చే పనున్నది. బావ రోజు సూసుకుంట ఉన్నడట, నువ్వు అన్ని దినాలు ఆ ఇంట్ల ఉన్నా నీకు గాని పోరికి గాని ఏం గాలేదట."

"ఏం గాలేదు. అందుకే నిన్ను పంపిన్రు" అన్నది ప్రేమమ్మ, బిడ్డ కోసం చేతులు చాస్తూ. "నాకేమన్న అయ్యుంటే, వాళ్ళు ఇంకో ఇల్లు సూసుకునేటోళ్ళు."